మార్సెయ్ యూనితే సెక్షన్ మోడల్: మూడు అంతస్తులకు ఒక్క కారిడార్ ఎలా సరిపోతుంది?

మౌంట్‌బోర్డ్ మూర్తి:

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ కోర్సు హౌసింగ్ స్టూడియోలో కేస్ స్టడీగా ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్ బిల్డింగ్ యూనితే దాబితాసియోన్ వచ్చింది. 1:50 స్కేల్‌లో మూడు అంతస్తుల ముక్క ఒకటి సెక్షన్ మోడల్‌గా, అంటే నిలువుగా కోసినట్టు లోపల కనిపించేలా, చేయాలి. పై రకం ఇల్లు ఒకటి, కింది రకం ఇల్లు ఒకటి, మధ్యలో కారిడార్ కనిపించాలి. చేతిలో ఉన్నవి జిరాక్స్ ప్లాన్లు, ఒక సెక్షన్. జిరాక్స్‌లో స్కేల్ బార్ సగం తెగిపోయింది.

అర్థం కానివి ఇవి. కారిడార్ మూడు అంతస్తులకు ఒకటే అయితే మిగతా రెండు అంతస్తుల ఇళ్లలోకి ఎలా వెళ్తారు? రెండంతస్తుల ఎత్తు హాలు ఇంటికి రెండు వైపులా ఉంటుందా, ఒక వైపేనా? లెవెల్స్ వేయడానికి ఏ కొలతలు నమ్మాలి? మౌంట్‌బోర్డ్‌తో చేస్తే స్లాబ్ మందం ఎలా తేవాలి?

ఇంకొకటి. జ్యూరీలో (మా పని చూసి ప్రశ్నలు వేసే ప్యానెల్) "దీన్ని హైదరాబాద్‌లో కడితే?" అని అడగడం ఖాయం. దానికి కూడా ఎవరైనా దారి చూపిస్తే సంతోషం.

---

నిలువుకోత:

మూర్తిగారూ, ముందు సెక్షన్ సంగతి. ప్లాన్లు చూస్తూ కూర్చుంటే ఈ బిల్డింగ్ ఎప్పటికీ అర్థం కాదు. ఖాళీ కాగితం మీద మూడు అడ్డ గడులు గీయండి: కింది అంతస్తు, మధ్య అంతస్తు, పై అంతస్తు. ఎడమ చివర తూర్పు, కుడి చివర పడమర అనుకోండి. మధ్య గడిలో సరిగ్గా నడుమ ఒక చిన్న చతురస్రం వేయండి. అదే కారిడార్. లె కార్బూజియే దాన్ని లోపలి వీధి అన్నాడు. అది ఈ కాగితంలోకి గుచ్చుకుని బిల్డింగ్ పొడవునా, ఉత్తర దక్షిణాలుగా పోతుంది.

ఇప్పుడు మధ్య అంతస్తు రెండు ముక్కలైంది: కారిడార్‌కు తూర్పున ఒకటి, పడమర ఒకటి. పడమటి ముక్కను పై అంతస్తు మొత్తంతో కలపండి. అది పై రకం ఇల్లు. తూర్పు ముక్కను కింది అంతస్తు మొత్తంతో కలపండి. అది కింది రకం. చెక్క పనిలో రెండు పట్టీలను సగం సగం కొరికి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టే అతుకు ఉంటుంది చూశారా, అచ్చం అదే. ఒక ఇల్లు కారిడార్ నెత్తి మీదుగా అవతలి వైపుకు పోతుంది, రెండోది దాని కడుపు కిందుగా పోతుంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: మిగతా రెండు అంతస్తుల్లోకి ఎవరూ బయటి నుంచి వెళ్లరు. అందరూ మధ్య అంతస్తులోనే తలుపు తీస్తారు, ఇంటి లోపలి మెట్ల మీద పైకో కిందికో పోతారు.

రెండంతస్తుల ఎత్తు ఒక్క వైపే. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. పై రకంలో తలుపు తీయగానే వంటగది, దాని ముందు హాలు, పడమటి కిటికీ దగ్గర రెండంతస్తుల ఎత్తు. మెట్లెక్కితే పెద్దల పడకగది ఆ హాలులోకి తొంగిచూసే మేడ అంచు మీద ఉంటుంది. అక్కడి నుంచి స్నానాల గది దాటి, కారిడార్ పైకప్పు మీదుగా నడిచి, తూర్పు చివరి పిల్లల గదులకు చేరతారు. కింది రకంలో తలుపు తీసే చోటే వంటగది, భోజనాల బల్ల. అవి రెండూ మేడ అంచు మీద ఉంటాయి. మెట్లు దిగితే తూర్పు వైపు హాలు, నెత్తిన రెండంతస్తుల ఎత్తు, మేడ కింద పెద్దల పడక. కారిడార్ కిందుగా పడమటి వైపుకు పోతే పిల్లల గదులు.

మోడల్ సరిగ్గా వచ్చిందా అని చూడటానికి ఎలివేషన్, అంటే బయటి ముఖం, చాలు. పడమటి ముఖం మీద కింది నుంచి పైకి ఒక పొట్టి లాజియా (లోపలికి ఒదిగిన బాల్కనీ), దాని మీద ఒక పొడుగు లాజియా రావాలి. తూర్పు ముఖం మీద ముందు పొడుగు, తర్వాత పొట్టి. రెండు ముఖాలూ ఒకేలా వచ్చాయంటే రెండు ఇళ్లనూ ఒకే వైపుకు తిప్పేశారని అర్థం.

ఇదంతా కారిడార్ పొదుపు కోసమే అనుకోకండి. పొదుపు నిజమే, మూడు అంతస్తులకు ఒకటే కారిడార్. అసలు ఫలితం ఏమిటంటే నడి కారిడార్ ఉన్న బిల్డింగ్‌లో కూడా ప్రతి ఇంటికీ రెండు ముఖాలూ దక్కాయి. మామూలు నడి కారిడార్ ఫ్లాట్‌లో తూర్పు ఇంటివాడికి పడమర లేదు, పడమటి ఇంటివాడికి తూర్పు లేదు. దానికి ఇక్కడ కట్టిన మూల్యం, ఇల్లు సన్నగా, చాలా లోతుగా అయిపోవడం. 3.66 మీటర్ల వెడల్పు, లాజియాలతో కలిపి బిల్డింగ్ మందం 24 మీటర్లు. వెలుతురు రెండు చివర్ల నుంచే. అందుకే నడుమ పట్టీలో కిటికీ అక్కర్లేనివన్నీ దూర్చాడు: స్నానం, మరుగుదొడ్డి, బీరువాలు, వంట. కిటికీ లేని స్నానాల గది పెట్టావు కనుక యంత్రంతో గాలి లాగాలి. గాలి లాగాలి కనుక నిలువు డక్టులు కావాలి. డాబా మీద ఫొటోల్లో శిల్పాల్లా కనిపించే ఆ పెద్ద గొట్టాలు వాటి చివర్లే. నిలువుకోతలో ఒక్క గీత మార్చితే ఈ వరుసంతా మారుతుంది. అది జ్యూరీకి చెప్పండి, ఫిలాసఫీ తర్వాత.

---

226 సెంటీమీటర్లు:

పైన చెప్పినది బాగుంది. కొలతలు నేను రాస్తాను.

నమ్మదగ్గవి నాలుగు: ఇంటి వెడల్పు 3.66 మీ., గది ఎత్తు 2.26 మీ., రెండంతస్తుల హాలు 4.80 మీ., పిల్లల గది వెడల్పు 1.83 మీ. ఇవి మోడ్యులర్ అనే ఆయన కొలతల పద్ధతిలోంచి వచ్చాయి. అందులో రెండు వరుసలు. ఎరుపు వరుస 27, 43, 70, 113, 183, 296, 479. నీలం వరుస దానికి రెట్టింపు: 86, 140, 226, 366. 1.83 అంటే ఆయన ఊహించుకున్న మనిషి పొడవు, 2.26 అంటే ఆ మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తు. 3.66 అంటే ఇద్దరు మనుషుల పొడవు. 4.80 అని అందరూ రాసేది ఎరుపు వరుసలోని 479 పక్కనే ఉంది. బిల్డింగ్ మొత్తంలో ఇలాంటి 15 కొలతలతోనే పని నడిపించారు.

మీ జిరాక్స్ స్కేల్ సమస్యకు మందు కూడా ఇక్కడే ఉంది. ప్లాన్‌లో రెండు అడ్డుగోడల మధ్య లోపలి కొలత 3.66 అనీ, సెక్షన్‌లో నేల నుంచి సీలింగ్ 2.26 అనీ పెట్టుకుని స్కేల్ కట్టండి. జిరాక్స్ యంత్రం నిలువు అడ్డాలను ఒకేలా పెంచదు, కాబట్టి ప్లాన్‌కు కట్టిన స్కేల్‌ను సెక్షన్‌కు వాడొద్దు. దేనికది విడిగా. ఒకే షీట్‌లో కూడా 2.26తో నిలువు, 24తో అడ్డం రెండూ సరిచూసుకోండి.

ఇంటి లోపలి మేడ నేల మందం: 4.80లోంచి రెండు 2.26లు తీసేస్తే మిగిలేది 28 సెం.మీ. అంతే. 1:50లో 5.6 మి.మీ. ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య నేల ఇంతకంటే మందం. దాన్ని సరిచూసుకున్న సెక్షన్ మీద కొలిచి తీసుకోండి. ఆ మందం ఊరికే రాలేదు. అక్కడ కాంక్రీట్ దూలాల చట్రం మీద ఇంటి నేలను మోసే ఉక్కు దూలాలు విడిగా కూర్చుంటాయి, రెండింటి మధ్య సీసం దిండ్లు. ఒక ఇంట్లో కుర్చీ జరిపితే ఆ శబ్దం చట్రంలోకి పాకకుండా ఆ మెత్తని సీసం మింగేస్తుంది. చాలా మోడళ్లలో ఇది కనిపించదు, అంతా ఒకే స్లాబ్‌గా అంటించేస్తారు. 1:50లో సన్నని నల్ల కాగితం పట్టీ ఒకటి పెట్టినా చాలు.

మిగతా లెక్కలు షీట్ మీదికి పనికొస్తాయి. శంకుస్థాపన 1947 అక్టోబర్ 14, ప్రారంభోత్సవం సరిగ్గా ఐదేళ్లకు 1952 అక్టోబర్ 14. 337 ఇళ్లు, 23 రకాలు. నిడివి సుమారు 137 మీ., ఎత్తు 56 మీ. 7, 8 అంతస్తుల్లో దుకాణాల వీధి. డాబా మీద 300 మీటర్ల పరుగు దారి, పసిపిల్లల బడి, నీళ్ల తొట్టి. మీరు చేస్తున్న కుటుంబ ఇల్లు సుమారు 98 చదరపు మీటర్లు. 2016 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

---

సీసా అర:

ఒక చిన్న మాట. దీని స్ట్రక్చర్‌ను సీసాల అర అంటారు కదా. ఇళ్లను ఫ్యాక్టరీలో డబ్బాల్లా చేసి క్రేన్‌తో చట్రంలోకి తోశారు. అందుకే ఆ సీసం. మోడల్‌లో కూడా ఇల్లు బయటికి లాగేలా చేస్తే జ్యూరీ పడిపోతుంది.

---

నిలువుకోత:

ఆలోచన అది, జరిగింది అది కాదు. సీసాల అర అన్నది ఆయన పోలికే, చేత్తో సీసాను అరలోకి దూర్చే ఆ ఫొటో కూడా ప్రసిద్ధం. కానీ ఇళ్లను గుండుగుత్తగా తోయలేదు. కాంక్రీట్ చట్రం పోసి, దాని లోపల నేలలు, అడ్డుగోడలు ముక్కలుగా తెచ్చి అక్కడికక్కడే కూర్చారు. ఇల్లు చట్రానికి అంటకుండా విడిగా ఉండటం మాత్రం నిజం. లాగే మోడల్ చేయండి, తప్పులేదు. "ఇది నిర్మాణ సూత్రం, కట్టిన విధానం కాదు" అని ఒక చీటీ అంటించండి.

యుద్ధం అయిపోయిన కొత్త, ఉక్కుకు కరువు. అందుకే చట్రం కాంక్రీట్ అయింది. పనిమంతులు కూడా చాలక, చెక్క పలకల సెంట్రింగ్ ఊడదీస్తే ఏ గరుకు వచ్చిందో అలాగే వదిలేశారు. ప్లాస్టరింగ్ చేసి కప్పిపుచ్చే ఖర్చు పెట్టేకన్నా దాన్నే అందంగా చూడండి అన్నాడు. పలకల నార గుర్తులు పిలోటీల (బిల్డింగ్‌ను నేల నుంచి పైకెత్తే లావు స్తంభాలు) మీద ఇప్పటికీ చదవొచ్చు. లాజియాల పిట్టగోడలు, జాలీలు మాత్రం ముందే పోసి తెచ్చి బిగించినవి. వాటి పైతలం వేరుగా, కంకర తేలి ఉంటుంది. మోడల్‌లో ఈ రెండు కాంక్రీట్‌లకూ ఒకే బూడిదరంగు పూయకండి.

రంగుల గురించి కూడా. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ లాజియా లోపలి పక్క గోడల మీద ఉంటాయి. ముందు ముఖం మీద రంగు లేదు. బిల్డింగ్‌కు ఎదురుగా నిలబడితే బూడిదరంగే, పక్కకు నడిస్తే రంగులు బయటపడతాయి. ముందు అంచులకు రంగు పూసిన మోడల్ చూస్తే కిరాణా షాపు బోర్డులా ఉంటుంది.

---

పదునైన బ్లేడు:

మోడల్ చేసే పద్ధతి రాస్తున్నా తమ్ముడూ. 1:50లో నీకు కావలసిన కొలతలు: వెడల్పు 73.2 మి.మీ., గది ఎత్తు 45.2, రెండంతస్తుల హాలు 96, లోతు 480, పిల్లల గది 36.6.

మౌంట్‌బోర్డ్ 2 మి.మీ. షీట్లు మూడు అతికిస్తే 6 మి.మీ. వస్తుంది, కావలసింది 5.6. ఒక్క స్లాబ్‌కు 0.4 తేడా ఏముందిలే అనిపిస్తుంది. స్లాబ్ మీద గోడ, గోడ మీద స్లాబ్ అని పేర్చుకుంటూ పోతే ఆ తేడా కూడుతూ పోతుంది. జిగురు మందం కూడా కలిసి మూడో అంతస్తు దగ్గర రెండు మిల్లీమీటర్ల దాకా పోయి, ముందు పెట్టే లాజియా ముఖం కూర్చోదు. రెండు పనులు చెయ్యి. ఒకటి, 5 మి.మీ. ఫోమ్ బోర్డ్‌కు రెండు వైపులా 300 జీఎస్‌ఎం కాగితం అంటించు, 5.7 దగ్గరికి వస్తుంది. రెండు, అసలు పేర్చకు. అడ్డుగోడను మూడు అంతస్తులకూ కలిపి ఒకే షీట్‌లో కోసి, లెవెల్స్ దాని మీద పెన్సిల్‌తో కింది అంచు నుంచే కొలిచి గీసి, స్లాబ్‌లను ఆ గీతలకు పక్కనుంచి అంటించు. ప్రతి కొలతా ఒకే అంచు నుంచి కొలిస్తే తప్పు కూడదు.

స్లాబ్ అంటించేటప్పుడు చేత్తో పట్టుకుని లెవెల్ చూస్తే పక్కకు వాలుతుంది. 45.2 మి.మీ. ఎత్తు చెక్క దిమ్మెలో, అతికించిన బోర్డ్ దిమ్మెలో నాలుగు చేసుకో. కింది స్లాబ్ మీద అవి నాలుగు మూలలా నిలబెట్టి, వాటి మీద పై స్లాబ్ ఆనించి అంటించు, ఆరాక దిమ్మెలు లాగెయ్. కారిడార్ దగ్గర దిమ్మె లాగడానికి ఒక వైపు దారి ఉంచుకో, లోపల ఇరుక్కుంటే తీయలేవు.

రెండో వైపు అడ్డుగోడ పెట్టొద్దు. అక్కడ 2 మి.మీ. అక్రిలిక్ పెట్టు, లేకపోతే ఖాళీగా వదిలెయ్. సెక్షన్ అక్కడే చూపించాలి. కోసిన అంచులకే ముదురు రంగు లేదా నల్ల కాగితం పట్టీ. గోడ తలాలకు ఏమీ వద్దు. ఇళ్లు రెండూ కళ్లకు విడిపోవాలంటే లోపలి నేలలకు రెండు వేరు రంగుల కాగితం పరుచు, పై ఇంటికి ఒకటి, కింది ఇంటికి ఒకటి. కారిడార్‌కు ఏమీ వద్దు. చూసేవాడికి పది సెకన్లలో అతుకు అర్థమవుతుంది.

జిగుర్ల దగ్గర జాగ్రత్త. ఫోమ్ బోర్డ్‌కు ఫెవిబాండ్ లాంటి సాల్వెంట్ జిగురు పూస్తే నడిమి నురగ కరిగి గుంట పడుతుంది. దానికి తెల్ల ఫెవికాలే. తెల్ల ఫెవికాల్ ఎక్కువ పూస్తే మౌంట్‌బోర్డ్ నీళ్లు తాగి దోనెలా వంగుతుంది, పైగా నీ స్లాబ్ 480 పొడవు, వంపు ఇట్టే కనబడుతుంది. పాత ఏటీఎం కార్డుతో పలచగా గీకి, పైన బరువైన పుస్తకాలు పెట్టి ఒక రాత్రి వదిలెయ్. కాగితం రెండు వైపులా అంటించమన్నదీ అందుకే. ఒక వైపే అంటిస్తే ఆ వైపుకు లాగేస్తుంది.

మెట్లు వంపు లేకుండా, అడ్డుగోడ పక్కన ఒకే వరుసలో. వీటి డిజైన్‌లో లోహపు పనికి పేరున్న డిజైనర్ జాన్ ప్రూవే చెయ్యి ఉంది: రేకు వంచిన పక్క దూలాలు, చెక్క మెట్లు, మధ్యలో ఖాళీ. 1:50లో 2 మి.మీ. బోర్డ్‌తో చేస్తే దుంగల్లా ఉంటాయి. ఐవరీ కార్డుతో పక్కలు, పలచని చెక్క పొరతో మెట్లు చెయ్యి. వంటగది డిజైనర్ షార్లెట్ పెరియాండ్‌తో కలిసి చేసినది, హాలు వైపు బల్లలా తెరుచుకుంటుంది. దాన్ని నాలుగు గోడల గదిగా మూసేయకు. పిల్లల గదుల మధ్య గోడ జరిగే పలక, దాని మీద పిల్లలు సుద్దముక్కతో రాసుకుంటారు. అది తెరిచి ఉన్నట్టు చూపిస్తే 3.66 వెడల్పు ఒక్కసారి కళ్లకు కడుతుంది.

మనిషి బొమ్మలు 36 లేదా 37 మి.మీ. ఎత్తున కొయ్యి. ఒకడికి చెయ్యెత్తించు, సీలింగ్‌కు తగలాలి. మాటల్లో చెప్పేదంతా ఆ ఒక్క బొమ్మ చెప్పేస్తుంది.

---

మౌంట్‌బోర్డ్ మూర్తి:

చాలా థాంక్స్ అందరికీ. ఎలివేషన్ చిట్కాతో చూస్తే నా స్కెచ్‌లో రెండు ఇళ్లూ పడమటికే తిరిగి ఉన్నాయి! సరిచేశాను. ఇక హైదరాబాద్ ప్రశ్న మిగిలింది. కొలతలు అలాగే ఉంచి, దిక్కు మాత్రం మార్చితే సరిపోతుందా?

---

బైలా భారతి:

సరిపోదు. కొలతల దగ్గరే ఆగిపోతుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం నివాస గది ఎత్తు కనీసం 2.75 మీ., ఏసీ గదికి 2.4. యూనితే 2.26 ఏసీ పెట్టినా చెల్లదు. మొదటి గది 9.5 చదరపు మీటర్లు, 2.4 వెడల్పు. రెండో గది 7.5 చదరపు మీటర్లు, 2.1 వెడల్పు. 1.83 పిల్లల గది రెండింట్లోనూ ఫెయిల్. వంటగదికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఖాళీ స్థలంలోకి తెరుచుకోవాలి, షాఫ్ట్‌లోకి తెరిస్తే కుదరదు. కారిడార్ పక్కన నడుమ పట్టీలో పెట్టిన యూనితే వంటగది అక్కడే పోతుంది. రూల్ సంగతి పక్కనపెట్టినా, మిరపకాయల పోపు వేస్తే ఆ ఘాటు రెండంతస్తుల హాలెక్కి నేరుగా పైనున్న పడకగదిలోకి పోతుంది.

ఇది మనకే వచ్చిన చిక్కేం కాదు. లె కార్బూజియేదే అయిన బెర్లిన్ యూనితేలో అక్కడి నిబంధనల వల్ల గది ఎత్తు 2.50కి పెంచాల్సి వచ్చింది, మోడ్యులర్ లెక్క చెదిరింది. మీకు అది మంచి ఉదాహరణ.

మార్చే దారి ఇది. మేడ నేలను ఫినిషింగ్‌తో కలిపి 15 సెం.మీ. పెట్టుకుంటే రెండంతస్తుల హాలు 2.75 + 0.15 + 2.75 = 5.65 మీ. అసలు దానిలో వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 3.66కి 4.80. అదే నిష్పత్తి 5.65కి పెడితే వెడల్పు 4.3 మీ. వస్తుంది. ఆ 4.3లో 10 సెం.మీ. పార్టిషన్ తీస్తే 2.1 గదులు రెండు సరిగ్గా పడతాయి! గది పొడవు 3.6 పెడితే 7.56 చదరపు మీటర్లు. రెండో గదికి పాస్. 9.5 గది పెద్దలదే కావాలి. వెడల్పు పెరిగింది కాబట్టి అదే విస్తీర్ణానికి 24 మీటర్ల లోతు అక్కర్లేదు, 20.5 చాలు. వెలుతురుకు అది లాభమే.

మెట్లు మర్చిపోవద్దు. అంతస్తు నుంచి అంతస్తుకు 2.90. ఇంటి లోపల రైజర్ (ఒక మెట్టు ఎత్తు) గరిష్ఠం 19 సెం.మీ., అడుగు కనీసం 25. అంటే 16 రైజర్లు, ఒక్కోటి 18.1. అడుగులు 15, మెట్ల నిడివి 3.75 మీ. పాత ప్లాన్‌లోని మెట్ల గుంత సరిపోదు.

వంటగదిని కారిడార్ పక్క నుంచి తీసి బయటి ముఖానికి జరపాలి, దాని ముందు యుటిలిటీ బాల్కనీ. అప్పుడు హాలు ముఖంలో సగం పోతుంది. 4.3లో కోడ్ అడిగే కనీసం 1.8 వంటకు ఇస్తే హాలుకు 2.4 మిగులుతుంది. ఇక్కడే మీ డిజైన్ పరీక్ష. దీన్ని దాచి ప్లాన్ గీస్తే జ్యూరీ వెంటనే పట్టుకుంటుంది.

ఇంకొకటి, అగ్ని ప్రమాదం. కోడ్‌లో నివాస భవనాలకు బయటి మెట్ల దాకా నడక దూరం 30 మీటర్లు. 130 మీటర్ల కారిడార్‌కు రెండు చివర్లా రెండు మెట్లు పెడితే నడుమ ఇళ్లు దాటిపోతాయి. పైగా దూరం ఇంటి తలుపు నుంచి కాదు, పై అంతస్తు పిల్లల గది మూల నుంచి కొలవాలి. లోపలి మెట్లు దిగి రావాలి కదా. ఆ 30లో పెద్ద భాగం ఇంట్లోనే అయిపోతుంది. కాబట్టి చిన్న బ్లాకులు, ఒక్కో బ్లాకుకు మెట్లు, లిఫ్టులు వేరుగా పెట్టుకోండి.

---

నిలువుకోత:

ఎండ, గాలి సంగతి కలిపేస్తాను.

మార్సెయ్‌లో బిల్డింగ్ ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటుంది, ఇళ్లు తూర్పు పడమరలు చూస్తాయి. ఉత్తరం వైపు మిస్త్రాల్ అనే చల్లని ఈదురుగాలి కొడుతుంది కాబట్టి ఆ చివర కిటికీలే లేని గుడ్డి గోడ. మన దగ్గర దాన్ని అలాగే దింపితే పడమటి ముఖం పెనం అవుతుంది. లెక్క చూడండి. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం. మే మూడో వారంలో సూర్యకాలం ప్రకారం సాయంత్రం 4 గంటలకు సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో, దాదాపు నేరుగా పడమర. 1.5 మీటర్ల లోతు లాజియా అప్పుడు దాని పైకప్పు నుంచి కిందికి ఒక్క మీటరే నీడ ఇస్తుంది. 5 గంటలకు అర మీటరు. 5.65 ఎత్తు హాలు అద్దం మీద అది ఏ మూలకు? అడ్డ పలకలతో సాయంత్రపు పడమటి ఎండ ఆగదు. కదిలే జాలీ తలుపులో, వెదురు తెరలో కావాలి.

బిల్డింగ్‌ను తూర్పు పడమరలుగా పడుకోబెట్టి ముఖాలు ఉత్తర దక్షిణాలకు తిప్పండి. డిసెంబర్ మధ్యాహ్నం దక్షిణాన సూర్యుడు 49 డిగ్రీలు, మామూలు సజ్జకు లొంగుతాడు. జూన్‌లో నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు, మధ్యాహ్నం ఉత్తరం వైపు కొద్దిపాటి సజ్జ చాలు, పొద్దున సాయంత్రాలకు నిలువు పలకలు. అప్పుడు గుడ్డి గోడ పడమటి చివరకు వస్తుంది. మార్సెయ్‌లో గాలికి కట్టిన గోడ ఇక్కడ ఎండకు పనికొస్తుంది. జ్యూరీలో ఈ మాట చెప్పొచ్చు. వాస్తు సంగతి జ్యూరీ అడగదు, కొనేవాళ్లు అడుగుతారు, అది వేరే గోల.

గాలి విషయంలో అందరూ బోల్తా పడేది ఇక్కడ. "ప్రతి ఇంటికీ రెండు ముఖాలు, కాబట్టి క్రాస్ వెంటిలేషన్" అని రాసేస్తారు. ఇంటి రెండు అంతస్తుల్లో ఒక దానిలోనే గాలి ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. కారిడార్ లెవెల్‌లోని సగం ముక్కకు అవతలి వైపు కారిడార్ గోడ, అంటే ఒక వైపు గాలే. పై రకంలో హాలు ఆ ముక్కలోనే ఉంది, దానికి గాలి రెండంతస్తుల ఖాళీ గుండా పైకి పోయి అవతలికి వెళ్లాలి. పడకగది మేడ అంచును గోడతో మూసేస్తే ఆ దారి పోతుంది. మన ఇళ్లలో కొన్నవాళ్లు మొదట చేసే పని అదే, మేడను మూసి ఇంకో గది చేసుకోవడం. కాబట్టి ఆ గోడ పైభాగంలో వెంటిలేటర్ ముందే గీయండి. నడుమ స్నానాల గదిని కూడా గోడ నుంచి గోడకు కట్టకుండా పక్కగా 90 సెం.మీ. దారి వదలండి, లేకపోతే పై అంతస్తు గాలీ అక్కడే ఆగుతుంది.

కారిడార్ లేకుండా ఇదే ఆట ఆడిన బిల్డింగ్ మన దేశంలోనే ఉంది: ముంబైలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా కట్టిన కాంచనజంగ. 1983లో పూర్తయింది, 84 మీటర్ల ఎత్తు, 21 మీటర్ల చదరం ప్లాన్, 32 ఇళ్లు. నడుమ లిఫ్టు కోర్, ఇళ్లు దాని చుట్టూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, మూలల్లో రెండంతస్తుల తోట బాల్కనీలు ఎండకూ వానకూ అడ్డుపడతాయి. మూర్తిగారూ, మీ షీట్‌లో యూనితే సెక్షన్ పక్కన అదే స్కేల్‌లో దాని సెక్షన్ కూడా పెట్టండి. అక్కడ కారిడార్‌కు పోయే చోటు బాల్కనీకి దక్కింది. ఒక్కో అంతస్తుకు ఇళ్లు తక్కువ కాబట్టి అది ఖరీదైన వాళ్ల బిల్డింగ్ అయింది. 337 ఇళ్లు కావాలంటే మళ్లీ కారిడార్ దగ్గరికే రావాలి.

---

పదునైన బ్లేడు:

తమ్ముడూ, 4.3 వెర్షన్ కూడా చేసేటట్టయితే అది 1:100లో చిన్న మోడల్‌గా చాలు, వెడల్పు 43 మి.మీ., హాలు 56.5. రెండింటినీ 1:50లో చేస్తే బోర్డ్ దండగ, సబ్మిషన్ రోజు మోయలేవు కూడా. మొదట లాజియా ముఖం అంటించకుండా సెల్‌ఫోన్ టార్చ్ రెండు చివర్ల నుంచీ వేసి చూడు. నడుమ పట్టీ ఎంత చీకటిగా ఉందో ఫొటో తీసి షీట్‌లో పెట్టు.